కిటికీ కట్టిన కోకలు

కిటికీకి "ఆవు కన్ను" అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మంచి చూపున్నవాడే అయ్యుండాలి. గవాక్షం అనే మాటకు అర్థం అదే కదూ! (రామాయణంలో గవాక్షుడనే వానరవీరుడున్నాడు. పేరుని బట్టి పెద్దపెద్ద కళ్లవాడై ఉంటాడని నా ఊహ.) సంస్కృతంలోనే "వాతాయనం" అని ఇంకో పేరుంది, గాలి నడిచే దారి అని. ఒకటేమో చూపుకి సంబంధించిన పేరు, రెండోది గాలికి. తమాషా ఏమిటంటే ఇంగ్లీషువాళ్ల "విండో" కూడా ఎక్కడో ఉత్తర సముద్రాల మీద తిరిగిన నార్స్ జాతివాళ్ల మాటలోంచి వచ్చిందట. దాని అర్థం "గాలి కన్ను". మనం రెండు మాటల్లో చెప్పుకున్నదాన్ని వాళ్లు ఒక్కమాటలో ముగించేశారన్నమాట. ఇక మనం రోజూ వాడే కిటికీ ఉందే, అది ఉత్తరాది ఖిడ్కీ మన నోట్లో నాని నాని తేలిన రూపం.

చూపు, గాలి సరే. పిలవని పేరంటానికి వచ్చినట్టు వీటి వెనకాలే వచ్చే మూడోది ఎండ. ఏది లోపలికి రావాలి, ఏది రాకూడదు, ఎవరు బయటికి చూడొచ్చు, ఎవరు లోపలికి చూడకూడదు... కిటికీ చరిత్రంతా ఈ పంచాయితీయే. బి.ఏ.లో నేను చదువుకున్న చరిత్రలో కోట గోడల మందం ఎన్ని అడుగులో ఉంది. ఫిరంగుల పేర్లున్నాయి. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఆ కోటలోని ఆడవాళ్లు ఏ తెర దించుకుని ప్రాణాలు నిలుపుకున్నారో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. పరీక్షలో రాని ప్రశ్న కదా, మేమూ అడగలేదు.

మన తెలుగునేల మీద పాత గవాక్షాన్ని చూడాలనుంటే ఏలూరు జిల్లాలో గుంటుపల్లికి వెళ్లాలి. కొండని తొలిచి కట్టిన బౌద్ధ గుహలవి, క్రీ.పూ. 2వ శతాబ్దం నాటివి అంటారు. అందులో గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికెళ్లి తలెత్తి చూడండి. రాతి కప్పుకి రాతి వాసాలు! కొండని తొలిచినవాడికి వాసాల అవసరమేమిటి? ఆ శిల్పికి ఇల్లంటే తెలిసింది వెదురూ కలపా వేసిన గుండ్రటి పూరిల్లు. అందుకని రాతిలోనూ దాన్నే చెక్కాడు. ముందువైపు గుర్రపు నాడాలాంటి కమాను పెట్టాడు. వెలుతురొచ్చే దారి అదే. ఆ ఆకారమే తరవాత గవాక్షమన్న పేరుతో దేశంలోని గుళ్లన్నిటి మీదికీ ఎక్కింది. గాలి రాని చోట, వెలుతురు అక్కర్లేని చోట, రాతిమీద వట్టి నగగా మిగిలిపోయింది.

మన ఇళ్లలో నిజమైన కిటికీలు మాత్రం నగలు కావు, పనిముట్లు. కృష్ణా గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వాలుగా దిగిన పెంకులు, ముందు వసారా, అరుగులు. వీధివైపు కిటికీలు చిన్నవి, తక్కువ. వాటికి ఇనపచువ్వలు, చెక్క రెక్కలు. అద్దమన్న మాటే లేదు. చాలా ఇళ్లలో ఒక్కో కిటికీకి నాలుగు రెక్కలుండేవి, పైన రెండు, కింద రెండు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే గాలికి గాలీ వస్తుంది, వీధినపోయేవాడి చూపూ లోపల పడదు. చూపుకీ గాలికీ వేరువేరుగా తలుపులు పెట్టిన ఆ వడ్రంగి ఏ కాలేజీలో చదివాడు చెప్పండి?

పొద్దున తొమ్మిదీ పది అయ్యేసరికి పడమటి గది కిటికీలు మూయటం, సాయంత్రం నీడ దిగాక అన్నీ బార్లా తెరవటం ఇంటి ఇల్లాలి పని. అన్నం వండటంలాగే అదీ రోజూ జరిగేది. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఎండలు ముదిరితే వీధిగుమ్మం ముందు తాటాకులతో చలవ పందిరి పడేది. ఆ మాటలోని చల్లదనం చూడండి! ఎండని గోడ దాకా రానివ్వకుండా గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడటమన్నమాట. ఈ "బయటే" అన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇక వట్టివేళ్ల తడికెల సంగతి. ఇది మాత్రం తీరిగ్గా చెప్పుకోవలసిన కథే.

వట్టివేరు మనకి కొత్తదా! కొబ్బరినూనెలో వేసుకుంటాం, తాగేనీళ్ల కుండలో వేస్తాం, పట్టుచీరల పెట్టెలో పెడతాం. ప్రపంచమంతా సెంట్ల వాళ్లు "వెటివర్" అని ముచ్చటగా పిలిచేది కూడా మన పక్కింటి తమిళుల వెట్టివేరునే. ఆ గడ్డి వేళ్లని వెదురు చట్రంలో పలచగా పరిచి కట్టి, గుమ్మానికో కిటికీకో బయట వేలాడదీసి, నీళ్లు చల్లితే వడగాలి కాస్తా దానిలోంచి వచ్చేసరికి చల్లగాలైపోయేది. పైగా వాసన!

దీన్ని గదులకి గదులుగా కట్టించిన ఘనత మొగలాయి చక్రవర్తులది. బాబరుకి మన దేశంలో నచ్చనివి చాలా ఉండేవి. ఎండ, ఈదురుగాలి, దుమ్ము మరీ బాధించాయని తన ఆత్మకథలో రాసుకున్నాడు. మనవడు అక్బరు ఫిర్యాదు చెయ్యటం మాని ఉపాయం వెతికాడు. వెదురుతో గది కట్టించి, వట్టివేళ్లతో గోడలు కుట్టించి, వాటిమీద నీళ్లు చల్లించే "ఖస్‌ఖానా" ఆయన ఆజ్ఞతో వాడుకలోకొచ్చిందని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు. 17వ శతాబ్దంలో ఢిల్లీలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు కూడా వీటిని చూశాడు. తోట మధ్యలో, నీళ్ల తొట్టి పక్కనే కట్టుకునేవాళ్లట. ఎందుకంటే, నౌకర్లు తోలుతిత్తులతో నీళ్లు తెచ్చి బయటి నుంచి తడపటానికి వీలుగా ఉంటుందని.

చూశారా, ఎంత ముచ్చటైన ఏర్పాటో! లోపల కూర్చున్న ఆయనకి మల్లెలు, షర్బత్తు. బయట తిత్తి మోసేవాడికి అదే ఎండ. ఈ చల్లదనం గాల్లోంచి ఊడిపడింది కాదు. ఒక లీటరు నీరు ఆవిరై పోయేటప్పుడు తన చుట్టూ ఉన్న వేడిని ఎంత పట్టుకుపోతుందంటే, వెయ్యి వాట్ల హీటరు సుమారు 40 నిమిషాలు వెలిగితే పుట్టేంత వేడి. ఆ లీటరుని బావిలోంచి తోడాలి, మోయాలి, గంటగంటకీ చల్లాలి. రాజుగారింట్లో ఆ చేతులు నౌకరువి. తెల్లదొరల బంగళాలో తడికెవాడివి, హైదరాబాదు దేవిడీల్లో భిస్తీవి. మనలాంటి వాళ్ల ఇళ్లలో వట్టివేళ్లు కొనలేక గోనెపట్టా తడిపి కట్టుకున్నప్పుడు ఆ చేతులెవరివో మీకు వేరే చెప్పాలా?

అలహాబాదులో కాపురమున్న ఫానీ పార్క్స్ అనే ఇంగ్లీషు దొరసాని 1850లో అచ్చయిన తన పుస్తకంలో "థర్మాంటిడోట్" అనే యంత్రాన్ని వర్ణించింది. పెద్ద చెక్కపెట్టె, పక్కల్లో తడిపిన వట్టివేళ్లు, లోపల రెక్కలు. మనిషి చేత్తో తిప్పితే కిటికీలోంచి గదిలోకి చల్లగాలి కొడుతుంది. ఇప్పుడు మనం వేసవిలో అటకమీంచి దించుకునే కూలరుకి అదే తాతమ్మ. మనిషి స్థానంలో మోటారొచ్చింది, అంతే తేడా.

కాని ఈ తడి వైద్యం అన్ని ఊళ్లకీ పనికిరాదు. హైదరాబాదులోనూ, కర్నూలు, అనంతపురాల్లోనూ ఎండుగాలి కాబట్టి నీరు గబగబా ఆవిరవుతుంది. విశాఖపట్నంలో సముద్రపు గాలి అప్పటికే నీళ్లు తాగి ఉంటుంది, ఇంకేం తాగుతుంది? అక్కడ తడికె తడిపితే మిగిలేది జిడ్డు చెమటే. అక్కడివాళ్లకి కావలసింది నీడ, ఎదురూబొదురూ కిటికీలు.

ఇంతసేపూ ఎండని ఆపే తెరల మాట చెప్పాను. చూపుని ఆపే తెరలది వేరే కథ. "పరదా" అన్న పారశీక మాటకి అసలు అర్థం తెరే. గుడ్డకి పెట్టిన పేరు చివరికి ఆడవాళ్ల బతుక్కి పేరైంది. మన పెద్దింటి కుటుంబాల్లో దాన్నే ఘోషా అన్నారు. జయపూరులో 1799లో సవాయి ప్రతాప్‌సింగ్ కట్టించిన హవామహల్ వీధిగోడకి 953 చిన్నచిన్న కిటికీలున్నాయంటారు, అన్నిటికీ రాతి జల్లెడలే. అంతఃపురం స్త్రీలు తాము కనపడకుండా బజారు చూడటానికి! ఆ జల్లెడల్లోంచి ఎండ ముక్కలై రాలుతుంది, గాలి మాత్రం హాయిగా వస్తుంది. అందుకే హవామహల్, గాలిమేడ. అంత చల్లటి గోడ వెనకాల నిలబడి, దిగి నడవటానికి వీల్లేని వీధిని చూస్తూ ఉండటం ఎలాంటిదో నాకు ఊహకందదు. యాత్రికులం మనం మాత్రం ఆ మేడని వీధిలో నిలబడే ఫొటోలు తీసుకుంటాం.

ఇక అద్దం సంగతికొద్దాం. దానికోసం చలిదేశాలకి వెళ్లాలి. వాళ్లకి బాధ మనకి తిరగేసి. వెలుతురు కావాలి, గాలి వద్దు. కిటికీకి అద్దం బిగించారు. అద్దం ఖరీదైంది కాబట్టి ప్రభుత్వం కన్ను దానిమీద పడింది. ఇంగ్లండులో 1696లో కిటికీల పన్ను వేశారు. ఇన్ని కిటికీలుంటే ఇంత కట్టాలని! జనం ఏం చేస్తారు, కొన్ని కిటికీలని ఇటుకలతో పూడ్చేశారు. ఆ పూడ్చిన కిటికీలు అక్కడి పాత ఇళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పన్ను పోయింది 1851లో. సరిగ్గా ఆ ఏడే లండనులో దాదాపు 3 లక్షల అద్దాలతో క్రిస్టల్ పాలెస్ లేచింది. ఫ్రాన్సువాళ్లు మరీ గట్టివాళ్లు. 1798లో తలుపులకీ కిటికీలకీ కలిపి వేసిన పన్నుని 1926 దాకా వదలలేదు.

అద్దం అసలు గుణాన్ని కొలిచి చూసినవాడు జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్. 1767లో ఆయన అద్దపు పెట్టెలు చేసి ఎండలో పెట్టాడు. ఎండ అద్దంలోంచి సులువుగా లోపలికి దూరుతుంది. లోపలి వస్తువుల్ని తాకి వేడిగా మారాక, ఆ వేడికి అద్దం దారివ్వదు. అత్తారింట్లో అడుగుపెట్టిన కొత్తకోడలిలా, రావటమే గాని పోవటం లేదు! తరవాత మెరుగుపరిచిన పెట్టెలో నీళ్లు మరిగే వేడిని కూడా దాటించాడు. చలిదేశంలో అది వరం. పడమటి గోడనిండా అద్దాలు బిగించుకున్న మన హైదరాబాదు ఫ్లాటులో అది సొస్యూర్ గారి పెట్టే, అందులో మనం!

మన మధ్యతరగతి ఇళ్లకి అద్దపు కిటికీ, దాని వెంట కర్టెను ఆలస్యంగానే వచ్చాయి. కర్టెనంటే నాకేం కోపం లేదు. పండక్కి కొత్త కర్టెన్లు వేస్తే ఇంటికి ఎంత కళొస్తుందో నాకూ తెలుసు. కాని అది పుట్టింది చూపుని ఆపటానికి. ఎండని ఆపమంటే అది చెయ్యలేని పని. ఎందుకంటే కర్టెను అద్దానికి లోపలుంటుంది. దాన్ని ఎండ తాకేసరికే అద్దం దాటి వచ్చేసింది. దొంగ ఇంట్లో దూరాక గదికి గొళ్లెం పెట్టినట్టు! అమెరికా ఇంధన శాఖవాళ్లు దీనికి లెక్కలు కట్టారు. తెల్లటి ప్లాస్టిక్ అస్తరు వేసిన ఓ మోస్తరు రంగు కర్టెను లోపల కడితే వచ్చే ఎండవేడిలో 33 శాతం తగ్గుతుంది. అదే కిటికీ బయట గుడ్డ పందిరి వేస్తే దక్షిణపు కిటికీకి 65 శాతం దాకా, పడమటి కిటికీకి 77 శాతం దాకా ఆగుతుంది. మన తాటాకు పందిరీ, తడికే, వెదురుబద్దల తెరా అన్నీ బయట కట్టినవే కదా! మన రైలుపెట్టె కిటికీ చూడండి, అద్దపు రెక్కతోపాటు పలకల రెక్క ఒకటుంటుంది. ఎండ కొట్టేవైపు దాన్ని దించితే వెలుతురూ గాలీ సన్నగా వస్తాయి. ఇలాంటి వాలుపలకల తెరకి లండనులో 1769లోనే పేటెంటు ఇచ్చారు. వెనీషియన్ బ్లైండ్ అంటే అదే.

"కిటికీ మీద సజ్జా ఉందిగా!" అంటారేమో. సజ్జా ఆపేది నెత్తిమీది ఎండని. మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా హైదరాబాదు, విజయవాడలకి మధ్యాహ్న సూర్యుడు కాస్త ఉత్తరానే ఉంటాడు. దక్షిణపు కిటికీకి ఆ రోజుల్లో ఎండ బాధే ఉండదు. అసలు శత్రువు సాయంత్రం నాలుగింటి పడమటి సూర్యుడు. ఆయన సజ్జా కిందుగా వంగి నేరుగా మంచం మీదికే వస్తాడు. ఆయనకి నిలువు తెర తప్ప మందు లేదు.

మనలో చాలామంది తెలుగులోకొచ్చిన రష్యన్ నవలలు చదివి పెరిగినవాళ్లమే. ఆ దేశంలో చలికాలం రాగానే కిటికీకి రెండో చట్రం బిగిస్తారు. మధ్యన దూది కూరతారు, సందులకి కాగితాలంటిస్తారు. అక్కడ చలిని ఆపేది అద్దం కాదు, రెండద్దాల నడుమ కదలకుండా చిక్కిన గాలి. అమెరికావాళ్లు 1930లలో ఆ రెండద్దాల అంచులూ మూసేసి ఒకే పలకగా అమ్మటం నేర్చారు. 1973లో చమురు ధర ఆకాశానికెక్కాక, అద్దానికి కంటికి కనపడనంత పలచగా వెండి పూత పూసి వేడిని తిప్పికొట్టే విద్య మీద పరిశోధనలు ఊపందుకున్నాయి. 1980ల మొదట్లో అది బజారుకొచ్చింది. జంట అద్దంలోంచి వేడి పాకటం ఒంటి అద్దంతో పోలిస్తే సుమారు సగమే. ఏసీ వేసుకునే గదికి అది మేలే. కాని పూత లేని మామూలు జంట అద్దం మీద పడ్డ ఎండలో నాలుగింట మూడువంతులు లోపలికొచ్చేస్తుందని ఆ అమెరికా లెక్కే చెబుతోంది. అందుకని "డబుల్ గ్లాసు వేయించాం" అని నిశ్చింతగా కూర్చోకండి. కొనేటప్పుడు "ఎండవేడి ఎంత ఆపుతుంది?" అని కూడా అడగండి.

హైదరాబాదు మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ చుట్టుపక్కలంతా అద్దాల మేడలే లేచాయి. పగలంతా ఎండని లోపలికి పిలిచి, ఏసీలతో బయటికి తోసే మేడలు! ఆ దగ్గర్లోనే 2004లో అప్పటి రాష్ట్రపతి కలాంగారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరు ఉంది. దానికి జల్లెడ గోడలు, నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. అమెరికా బయట ఆ దేశపు "ప్లాటినం" మార్కు మొదటగా అందుకున్న భవనం అదే. మండువా లోగిలికి అమెరికావాళ్లు ఇచ్చిన పతకమని నేను నవ్వుకుంటూ ఉంటాను.

ఇంత చదివాక ఊరుకోగలనా? మా పడమటి కిటికీకి బయట వెదురుబద్దల తెర కడదామని బయల్దేరాను. ఫ్లాట్ల కమిటీవారు వద్దన్నారు. బిల్డింగు "ఎలివేషన్" చెడుతుందిట. "లోపల ఎన్ని కర్టెన్లయినా కట్టుకోండి మేడమ్, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు సెక్రటరీ ఎంతో ఉదారంగా. మావారు గొంతు తగ్గించి "ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గిద్దాంలే" అన్నారు. నాలుగు మీటింగులు పట్టింది. చివరికి, అందరూ ఒకే రంగు కట్టుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే దించుతున్నాను. పొద్దుగూకాక తప్పకుండా చుట్టేస్తున్నాను. రాత్రి గోడలు వేడి వదులుతుంటే, తెర ఆ వేడిని పోనివ్వదు మరి.

2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా పోయారని ప్రభుత్వాలే లెక్క చెప్పాయి. ఎండన పనిచేసేవాళ్లూ, ముసలివాళ్లూ వడదెబ్బకి మొదట పోతారు. కాని ఎండనపడి ఇంటికొచ్చిన మనిషికి ఇల్లు చల్లగా లేకపోతే ఒళ్లు తేరుకునేదెప్పుడు? మా ఇంట్లో పనిచేసే మనిషిది రేకుల గది. ఒక్కటే కిటికీ, అదీ పడమరే.

నేను తెర దించుతుంటే ఒకరోజు ఆగి చూసింది. "గోనెసంచి తడిపి కట్టుకోరాదూ?" అన్నాను.

"కట్టిన అమ్మా నిరుడు. నల్లా రెండొద్దులకోసారి ఒస్తది. తాగనీకే సాలదు, సంచి మీద ఏం పోస్త?"

"తడపకపోయినా ఫర్వాలేదు. ఇలాంటి తెర బయట కడితే చాలు, సగం ఎండ ఆగుతుంది. మా కిటికీది పాత కొలత తెర ఒకటి మిగిలింది. తీసుకెళ్లు."

ఆవిడ తెరని చేత్తో తడిమి చూసింది. కొలత సరిపోతుందన్నట్టు జానలు కూడా వేసింది.

"మంచిగనే ఉంది గానీ అమ్మా, మా ఇంటి ఓనరు గోడకు మొల కొట్టనియ్యడు" అంది.